చాంతాడంత పేజీలు: స్క్రోల్ వల్ల ఎక్కడ దెబ్బతింటాం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. చీరల షాపుకి సైట్ చేస్తున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లాగా వేలితో తోస్తూ ఉంటే చీరలు వస్తూనే ఉండాలని, పేజీ నంబర్లు పాతకాలం వ్యవహారమని ఓనర్‌గారు అంటున్నారు. దానివల్ల నష్టం ఏమైనా ఉందా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట దాకా తోస్తూనే ఉంటున్నానని. రెండూ వేర్వేరు ప్రశ్నలు అనుకున్నట్టున్నారు. నాకైతే రెండూ ఒకటే అనిపించాయి.

పద్దెనిమిదేళ్ళుగా సైట్లు చేస్తున్నాను. స్క్రోల్ మీద నాకు పగేమీ లేదు. పేజీ తెరకంటే పొడుగుంటే జరపక తప్పదు కదా. కాకపోతే జరిపే మనిషికి రెండు సంగతులు తెలుస్తూ ఉండాలి: ఇప్పుడు ఎక్కడున్నాను, ఇది ఎక్కడ అయిపోతుంది. మొదటిది పోతే చిరాకు వస్తుంది. రెండోది పోతే టైమ్ పోతుంది. రెండూ ఒకేసారి పోతే మీ రాత్రి ఒంటిగంట.

ముందు షాపు సంగతి. చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. తెల్ల పరుపు ముందు కూర్చుంటాం. సేల్స్‌మన్ ఒక్కొక్కటీ విప్పి పరుస్తుంటాడు. ముప్పై చీరలు అయ్యాక మా ఆవిడ "ఇందాక ఆ పసుపు చీర కింద పడిందే, నెమలికంఠం రంగుది, అది తీయండి" అంటుంది. అతను సరిగ్గా అదే లాగుతాడు. చీర పేరు ఇద్దరికీ తెలీదు, కోడ్ నంబర్ తెలీదు, ధర కూడా గుర్తులేదు. గుర్తున్నది దాని చోటు ఒక్కటే. సైట్‌లో పేజీ నంబరు చేసే పని ఇదే. "మూడో పేజీలో పైనుంచి రెండో వరస" అని మనసులో ఒక గుర్తు పడిపోతుంది. అంతం లేని స్క్రోల్‌లో ఆ గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. అన్నీ ఒకే వరదలో కొట్టుకొచ్చిన చీరలే.

దానికి తోడు వెనక్కి వచ్చే బటన్. అరవయ్యో చీర దగ్గర ఆగి, నొక్కి, ఫొటో పెద్దది చేసి అంచు చూసుకుని వెనక్కి వస్తే పేజీ మళ్ళీ మొదటి చీర దగ్గర నిలబడి ఉంటుంది. కథ మొదటికొచ్చింది అంటారే, అక్షరాలా అదే. దీన్ని కోడ్‌తో సరిచేయొచ్చు. ఎన్ని చీరలు లోడయ్యాయో, ఎంత కిందికి వెళ్ళారో దాచిపెట్టి, తిరిగి వచ్చినప్పుడు అక్కడే నిలబెట్టొచ్చు. కానీ నా దగ్గరికి రిపేరుకి వచ్చిన సైట్లలో ఆ పని చేసినవాళ్ళు చాలా తక్కువ. డెవలపర్ లిస్ట్‌లోంచి లోపలికి వెళ్ళడం టెస్ట్ చేస్తాడు. అరవయ్యో చీర నుంచి వెనక్కి రావడం ఎవరూ టెస్ట్ చేయరు.

ఇక ఫుటర్, అంటే పేజీ అడుగున ఉండే భాగం. షాపు అడ్రస్, ఫోన్ నంబర్, మార్చుకునే నిబంధనలు, కొరియర్ ఎన్నాళ్ళలో వస్తుంది, ఇవన్నీ జనం పేజీ అడుగున వెతుకుతారు. అది అందరికీ అలవాటైపోయింది. అంతం లేని స్క్రోల్‌లో ఆ అడుగు ఎండమావి. ఫుటర్ అంచు కనబడుతుంది, వేలు పెట్టేలోపు ఇంకో ఇరవై చీరలు వచ్చి దాన్ని కిందికి తోసేస్తాయి. విజయవాడలో ఒక బట్టల షాపు ఓనర్ కూడా నన్ను ఇదే అడిగారు. వాదించకుండా ఆయన అడిగినట్టే ఒక నమూనా చేసి ఫోన్ చేతికిచ్చాను. బాగుందన్నారు. "సార్, ఇందులో మన షాపు ఫోన్ నంబర్ ఎక్కడుందో చూడండి" అన్నాను. తోశారు. ఇంకా తోశారు. కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి రెండు చేతులతో తోశారు. తల ప్రాణం తోకకొచ్చాక ఫోన్ నాకిచ్చి "మీకు తోచినట్టు పెట్టండి" అన్నారు. మీ ఓనర్‌గారి దగ్గర కూడా లెక్కలకంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

అయినా లెక్కలు కావాలంటే ఉన్నాయి. చేతిపని వస్తువులు అమ్మే అమెరికా సైట్ ఎట్సీ 2012 ప్రాంతంలో సెర్చ్ ఫలితాలకి అంతం లేని స్క్రోల్ పెట్టి, కొంతమందికి కొత్తది, కొంతమందికి పాతది చూపించి పోల్చింది. ఎక్కువ వస్తువులు కనబడితే ఎక్కువ కొంటారని వాళ్ళ ఆశ. జరిగింది తిరగబడింది. కొత్తది చూసినవాళ్ళు తక్కువ వస్తువులు నొక్కారు, సెర్చ్ నుంచి కొనడమూ తగ్గింది. చివరికి తీసేశారు. దీని గురించి వాళ్ళ ఇంజనీర్ డాన్ మెకిన్లీ తర్వాత బాహాటంగానే మాట్లాడాడు. గూగుల్ కూడా అంతే. 2021 అక్టోబర్‌లో ఫోన్‌లో, 2022 డిసెంబర్‌లో కంప్యూటర్‌లో సెర్చ్ ఫలితాలు ఆగకుండా వచ్చేలా పెట్టింది. 2024 జూన్‌లో తీసేస్తున్నామని చెప్పి కంప్యూటర్‌లో మళ్ళీ పేజీ నంబర్లకి, ఫోన్‌లో 'ఇంకా ఫలితాలు' అనే బటన్‌కి వచ్చింది. కాబట్టి పేజీ నంబర్లు పాతకాలమన్న ఓనర్‌గారి మాట ఇప్పుడు చెల్లదు.

ఇక్కడో పక్కదారి మాట. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలు చూశారా? పదుల అడుగుల పొడవుండే గుడ్డ మీద కథంతా వరసల్లో గీసి ఉంటుంది. నిజానికి అదే మన అసలు సిసలు స్క్రోల్. కథ చెప్పేవాళ్ళు దాన్ని మొత్తం ఒకేసారి విప్పరు. ఒక ఘట్టం చూపించి, పాడి, వివరించి, అది అయ్యాకే తర్వాతి ఘట్టానికి వస్తారు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూలతీగల పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది. చూసేవాళ్ళకి ఎక్కడున్నారో ఆ పట్టీయే చెబుతుంది. మన వెబ్ డిజైనర్లు గుడ్డ పొడవు తీసుకున్నారు, పట్టీ వదిలేశారు.

"అన్నీ ఒకే పేజీలో పెట్టేద్దాం, జనం కిందికి వెళ్ళి చూసుకుంటారు" అనే వాదన మీకు ఎలాగూ ఎదురవుతుంది. ఇందులో సగం నిజం ఉంది. 1994లో జేకబ్ నీల్సన్ అనే వెబ్ వాడుక పరిశోధకుడు పరీక్షించినప్పుడు పదిమందిలో ఒక్కడే కిందికి జరిపాడు. 1997కల్లా జనానికి అలవాటైందని ఆయనే మాట మార్చుకున్నాడు. ఇప్పుడు అందరూ జరుపుతారు. కానీ చూపు మాత్రం పైనే ఎక్కువ ఉంటుంది. ఆయన సంస్థ వాళ్ళు కళ్ళ కదలికలు కొలిచి చూస్తే, 2010లో పేజీ మీద గడిపే సమయంలో 80 శాతం మొదటి తెరమీదే. 2018లో మళ్ళీ కొలిస్తే 57 శాతం, మొదటి రెండు తెరలూ కలిపితే 74 శాతం. అంటే ఎనిమిదో తెర అడుగున మీరు పెట్టిన 'పండగ ఆఫర్' దాకా వచ్చేవాళ్ళు ఉంటారు కానీ, అప్పటికి వాళ్ళ చూపు ఆగదు, వేలు మాత్రమే కదులుతుంటుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటుంది. మొదటి తెర మొత్తం ఒక మోడల్ ఫొటోతో నింపేస్తారు. కింద ఇంకా ఉందన్న ఆనవాలే ఉండదు. చూసేవాడు అంతే కాబోలు అనుకుని వెళ్ళిపోతాడు. కింది భాగం నెత్తి కాస్త కనబడేలా కోసి పెడితే చాలు, జరపమని బాణం గుర్తు కూడా అక్కర్లేదు.

తెలుగు సైట్ అయితే ఇంకో బాధ, దీని గురించి ఇంగ్లిష్ వ్యాసాల్లో పెద్దగా రాయరు. మన లిపికి పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు పక్కపక్క వరసల్లో పడితే పైవరస వత్తు కిందివరస తలకట్టుకి తగులుతుంది. అందుకే వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. ఇంగ్లిష్‌లో అక్షరం 16 పిక్సెళ్ళు ఉంటే వరసకి 24 ఇస్తే సరిపోతుంది. తెలుగులో నేను 18 పెట్టి వరసకి 32 ఇస్తాను. ఇప్పుడు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ లెక్క చూడండి. తెర ఎత్తు సుమారు 800 పిక్సెళ్ళు అనుకుంటే, ఫోన్ పట్టీలు, అడ్రస్ బార్ పోగా దాదాపు 670. పైన కదలకుండా అతుక్కున్న హెడ్డర్ 60. 'మా యాప్ వేసుకోండి' పట్టీ 60. అడుగున ప్రకటన 100. మిగిలింది 450, అంటే పద్నాలుగు వరసలు. నాలుగు పేరాల వార్త చదవడానికి కిటికీ సందులోంచి తొంగి చూసినట్టు ఐదారుసార్లు జరపాలి. స్క్రోల్ ఎక్కువైపోయిందని తిట్టుకునేముందు ఆ అతుక్కున్న పట్టీలు ఒకటి రెండు పీకేసి చూడండి. హెడ్డర్ ఉంచి తీరాలంటే కిందికి జరిపేటప్పుడు మాయమై, పైకి జరిపితే వచ్చేలా చేయండి. పేజీలోనే ఒక విభాగానికి దూకే లింకులుంటే ఆ శీర్షిక వెళ్ళి హెడ్డర్ కింద దాక్కుంటుంది, దానికి సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ రూపం చూసుకునే కోడ్‌లో, స్క్రోల్-ప్యాడింగ్-టాప్ ఒక్క వరస రాస్తే పోతుంది.

వార్తల సైట్లలో ఒకటి గమనించారా? చదువుతున్న వార్త అయిపోగానే తర్వాతి వార్త దానంతటదే కింద అతుక్కుంటుంది, పైన అడ్రస్ కూడా మారిపోతుంది. మా బావగారు ఒకసారి కరెంట్ చార్జీల వార్త అనుకుని ఫ్యామిలీ గ్రూప్‌లో లింక్ పెట్టారు. తెరిచి చూస్తే ఎవరో హీరోయిన్ పెళ్ళి వార్త. రెండు రోజులు ఏడిపించాం పాపం. ఆయన చేసిన తప్పల్లా వార్త చివరిదాకా చదవడమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఒళ్ళు మండే కేసు. మా నాన్నగారు రిటైరయ్యారు, కంప్యూటర్ బాగానే వాడతారు. ఒక సైట్‌లో డబ్బు జమ చేసే ఫారం నింపుతున్నారు. మొత్తం అన్న గడిలో 50000 అని కొట్టారు. బటన్ కింద ఉంది. మౌస్ బాణం ఇంకా ఆ గడి మీదే ఉంది. చక్రం తిప్పారు. పేజీ కదల్లేదు. ఇంకొన్నిసార్లు తిప్పారు. "ఇది కదలట్లేదేంట్రా" అనుకుని మౌస్ పక్కకి జరిపి మళ్ళీ తిప్పితే కదిలింది, బటన్ నొక్కేశారు. రసీదు చూసుకుంటే 49,993. నాకు ఫోన్ చేసి "ఏడు రూపాయలు చార్జీ కట్ చేశారా?" అని అడిగారు. చార్జీ కాదు. ఆ గడి నంబర్ రకం గడి. కొన్ని బ్రౌజర్లలో ఆ రకం గడిలో కర్సర్ ఉండగా దానిమీద చక్రం తిప్పితే పేజీ బదులు అంకె కదులుతుంది, ఒక్కో మెట్టుకి ఒక్కొక్కటి. ఏడు మెట్లు తిప్పారు, ఏడు తగ్గింది. తెరమీద ఎక్కడా హెచ్చరిక లేదు. ఏడు రూపాయలు కాబట్టి నవ్వుకున్నాం. అదే గడి రోల్ నంబరో, ఖాతా నంబరో అయితే?

ఇలాంటి కారణాలతోనే బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ బృందం 2020లో ఆ నంబర్ రకం గడులు వదిలేసి, మామూలు టెక్స్ట్ గడి పెట్టి ఫోన్‌లో అంకెల కీబోర్డు మాత్రం వచ్చేలా చేయమని తమ సలహా మార్చుకుంది. మీ సైట్‌లో చీరల సంఖ్య, పిన్‌కోడ్ గడులు ఉంటాయి కదా, వాటికి ఇన్‌పుట్‌మోడ్ న్యూమెరిక్ అని రాసి రకం టెక్స్ట్‌గానే ఉంచండి. అడ్రస్ ఫారంలో జిల్లాల జాబితా పెడితే తెలంగాణ ఒక్కదానికే 33. చిన్న డబ్బాలో వాటిని వేలితో తోయించకండి, రెండక్షరాలు కొడితే వచ్చేలా చేయండి. అసలు పిన్‌కోడ్ ముందు అడిగితే చాలావరకు జిల్లా అదే నింపేయొచ్చు.

పేజీలో గూగుల్ మ్యాప్ పెడితే అదో ఉచ్చు. కిందికి వెళ్దామని తోస్తే పేజీ ఆగి మ్యాప్ జరుగుతుంది, షాపు విజయవాడ నుంచి బంగాళాఖాతంలోకి వెళ్ళిపోతుంది. రెండు వేళ్ళతోనే మ్యాప్ కదిలే సెట్టింగ్ ఉంది, అది పెట్టండి. స్క్రోల్‌ని మన చేతిలోంచి లాక్కుని, ఒక్క తోపుకి ఒక్కో బొమ్మ తిరుగుతూ వచ్చే సోకు పేజీల గురించి ఎక్కువ చెప్పను, పెట్టొద్దంతే. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఆ కదలికలకి కళ్ళు తిరుగుతున్నాయని చాలామంది గోల చేశారు, ఆపిల్ కదలికలు తగ్గించే సెట్టింగ్‌ని బలపరచాల్సి వచ్చింది. కదలిక తగ్గించమని ఫోన్‌లో పెట్టుకున్నవాళ్ళకి మీ సైట్ కూడా కదలికలు ఆపేయాలి.

ఫోన్ బరువెక్కడం సంగతి మీకు తెలిసే ఉంటుంది. వచ్చిన ప్రతి చీర ఫొటో మెమరీలో కూర్చుంటుంది, చవక ఫోన్లలో రెండొందలు దాటేసరికి పేజీ నత్తనడక. దీనికి మందుగా కనబడని వాటిని పేజీలోంచి తీసేసే పద్ధతి వాడతారు. అప్పుడు కంట్రోల్-ఎఫ్ కొట్టి 'మంగళగిరి' అని వెతికితే తెరమీద ఉన్నవాటిలోనే వెతుకుతుంది, పైన పోయినవి లేనట్టే. చూపు లేనివాళ్ళు, కీబోర్డుతో నడిపేవాళ్ళు ఆ చీరలన్నీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ రావాలి.

చదవడం మీద కూడా దెబ్బ ఉంది. 2009లో సాంచెజ్, వైలీ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే క్లిష్టమైన పాఠాన్ని కొందరికి స్క్రోల్‌లో, కొందరికి పేజీలుగా ఇచ్చి చూశారు. స్క్రోల్‌లో చదివినవాళ్ళకి తక్కువ అర్థమైంది, అందులోనూ ఒకేసారి ఎక్కువ సంగతులు బుర్రలో పట్టుకోలేనివాళ్ళకి ఇంకా ఎక్కువ నష్టం. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఇంటర్ పుస్తకంలో ఫలానా సూత్రం ఎడమ పేజీలో కింద మూల ఉందని ముప్పై ఏళ్ళ తర్వాత కూడా నాకు గుర్తుంది. పోయిన వారం ఫోన్‌లో చదివిన దాంట్లో ఏది ఎక్కడుందో చెప్పమంటే నోరెళ్ళబెడతాను. చీరల సైట్‌కి ఇది అంత పట్టింపు కాదు. పాఠాల సైట్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

మీ రాత్రి సంగతికొస్తాను. అంతం లేని స్క్రోల్‌ని 2006లో తయారుచేసింది అజా రాస్కిన్ అనే డిజైనర్ అంటారు. తర్వాతి పేజీ నొక్కే శ్రమ ఎందుకని చేశాడు. అది జనాన్ని ఎంతసేపు కట్టేస్తోందో చూశాక బాధపడుతున్నానని తర్వాత చాలాచోట్ల చెప్పాడు. కిందికి లాగితే కొత్తవి వచ్చే పద్ధతి కనిపెట్టిన లోరెన్ బ్రిక్టర్‌దీ అదే మాట. ఆ నొక్కే శ్రమ ఉందే, అది అడ్డంకిలా కనబడుతుంది కానీ, నిజానికి "ఇంకా చూడాలా?" అని మనల్ని అడిగే క్షణం అది. పేపర్ చదివితే ఆఖరి పేజీ వస్తుంది. టీవీలో సీరియల్ అయితే 'సశేషం' పడుతుంది. ఫోన్‌లో ఆ అడిగే క్షణాన్ని తీసేశారు, అందుకని మీరు ఆగడం లేదు. మీకు మనోనిబ్బరం లేదని తిట్టుకోకండి.

నేనూ రెండేళ్ళ కిందట అదే దారిలో ఉన్నాను. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి మొదలైంది. మూత తిప్పాలన్నా, బైక్ తాళం తిప్పాలన్నా చురుక్కుమనేది. డాక్టర్‌గారు బొటనవేలిని అరచేతిలో మడిచి పిడికిలి బిగించి, చెయ్యి చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచగానే కేక పెట్టాను. పేరు డీ కెర్వెన్ అన్నారు, నరం కాదు, బొటనవేలిని కదిపే స్నాయువు మీది తొడుగు వాచిందట. మూడు వారాలు పట్టీ వేసుకున్నాను. ఎడమచేత్తో తోయడం చేతకాక ఫోన్ దానంతటదే తగ్గింది, అప్పుడర్థమైంది తగ్గినా కొంపలేం మునగవని.

పనికొచ్చినవి మాత్రం చెబుతాను. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది చెరిపేయండి. హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది, ఏం కావాలో మీరే వెతుక్కోవాలి. నాకు సగం రోగం దీంతోనే కుదిరింది. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోకి వెళ్ళి, పడుకునే టైమ్‌కి తెర నలుపు తెలుపు అయ్యేలా పెట్టండి. రంగు పోతే రీల్స్ చప్పగా ఉంటాయి. యాప్ టైమర్ కూడా పెట్టాను, కానీ దాన్ని దాటేయడం రెండు నొక్కుల పని, నిజం చెప్పాలంటే పదిరోజుల్లో అదీ అలవాటైపోయింది. ఛార్జర్‌ని హాల్లోకి మార్చడం దానికంటే బాగా పనిచేసింది.

మీ సైట్‌కి నేనైతే ఇలా చేస్తాను. మొదట 24 చీరలు. 24 ఎందుకంటే రెండు, మూడు, నాలుగు వరసలుగా ఎలా పేర్చినా చివర ఖాళీ మిగలదు. కింద 'ఇంకా చూపించు' బటన్, దాని పక్కనే '312లో 24 చూశారు' అని చిన్న అక్షరాలు. బటన్ నొక్కినప్పుడల్లా అడ్రస్‌లో పేజీ నంబర్ మారాలి, అప్పుడే వెనక్కి వచ్చినా, ఎవరికైనా లింక్ పంపినా అదే చోటు తెరుచుకుంటుంది. ఫుటర్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. నచ్చినవి పక్కన పెట్టుకోవడానికి ప్రతి ఫొటో మీద గుండె గుర్తు, పరుపు మీద పక్కకి తీసి పెట్టుకున్నట్టు. రంగు, నేత, ధర ఫిల్టర్లు పైన. అవి సరిగ్గా ఉంటే నాలుగో విడత దాకా నొక్కేవాళ్ళే తక్కువ ఉంటారు.

ఓనర్‌గారు అయినా పట్టుబడితే హోమ్ పేజీలో 'కొత్తగా వచ్చినవి' అన్నచోట మాత్రం ఆ తోసే సరదా ఇవ్వండి, నలభై చీరలకి ఆపేసి. అక్కడ ఎవరూ ఏదీ వెతకరు, ఊరికే చూస్తారు. ఆ నలభయ్యోదాని కింద 'ఇవే కొత్తవి, మిగతావి చూడాలంటే' అని పట్టు, నూలు విభాగాల లింకులు పెట్టండి. ఏ ఫోన్లో టెస్ట్ చేస్తున్నారో కూడా చెప్పండి, వెనక్కి వచ్చినప్పుడు చోటు నిలబెట్టే కోడ్ నా దగ్గరుంది, మీకు సరిపోతే పంపుతాను.